అమ్మ ఫోన్ పదకొండో స్థానంలో ఉంది

మార్చి 4, మంగళవారం

నేను కారు నేర్చుకోవడం లేదు. ఈ చిన్న వాక్యం ఈ ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కడం లేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

సాయంత్రం అమ్మ అక్కతో ఫోన్లో మాట్లాడుతోంది. ఎట్టకేలకి దీనికి బుద్ధొచ్చిందట, కారు నేర్చుకుంటానని తనంతట తనే స్టీరింగు కొనుక్కుందట. నేను డిగ్రీ పాసైన రోజు కూడా ఆ గొంతులో అంత వెలుగు లేదు. ఫోన్ పెట్టేదాకా ఆగి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఇది కంప్యూటర్లో ఆడే కార్ల పందెం అమ్మా, రోడ్డు తెర మీద ఉంటుంది, నేను కుర్చీలోనే ఉంటాను, నాలాగే ఎవరి ఇళ్ళల్లో వాళ్ళు కూర్చుని అదే రోడ్డు మీద అదే సమయానికి నడుపుతుంటారు, అందరం నిజం మనుషులమే, కార్లు మాత్రం ఉండవు. అమ్మ శ్రద్ధగా వింది. మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక, "మరి లైసెన్సు కూడా వాళ్ళే ఇస్తారా?" అంది.

నాన్న పెట్టె విప్పి చక్రాన్ని రెండు చేతుల్తో ఎత్తి బరువు చూశారు. మిగతా కారు ఎప్పుడొస్తుందని అడిగారు. నవ్వబోయి ఆగాను. ఆయన రిటైరయ్యేదాకా స్టోర్ కీపరు. వచ్చిన సరుకు గురించి జోకులు వెయ్యరు.

మార్చి 5

పెడల్స్ వచ్చాయి. నాన్న గుమ్మంలోనే సంతకం పెట్టి తీసుకుని, "చెప్పానా" అన్నారు అమ్మతో.

మార్చి 7, శుక్రవారం

ఈ చక్రంలో ఒక మోటారు ఉంటుంది. రోడ్డు గతుకుగా ఉంటే చేతుల్ని కుదుపుతుంది, కారు జారితే పక్కకి లాగుతుంది. నా గదిలో బల్ల దీన్ని ఒక్క మలుపు కూడా భరించలేక గోడ దాకా నడిచి వెళ్ళింది. ఇంట్లో దీన్ని తట్టుకోగలిగేది భోజనాల బల్ల ఒక్కటే. అక్కడ కూడా మూడు పక్కలా అంచుకి నగిషీ ఉంది, బిగింపు పట్టదు. పట్టే నాలుగో పక్క నాన్న కూర్చునేది.

బిగించాను. తీసెయ్యమంటారేమో అనుకున్నాను. నాన్న రాత్రి వచ్చి కూర్చుని, కంచాన్ని కాస్త పక్కకి జరుపుకుని, ఎడమ చేత్తో చక్రం తిప్పుతూ భోజనం ముగించారు. లేచేముందు చక్రాన్ని తిన్నగా పెట్టి వెళ్ళారు.

నా అసలు పని అంటే ఇంట్లో ఎవరికీ లెక్క లేదు. బీమా ఆఫీసు మానేసిన దగ్గర్నుంచి ఒక ట్యూషన్ కంపెనీకి పిల్లల జవాబు పత్రాలు దిద్ది పంపుతున్నాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎర్ర గీతలు గీస్తాను. ఇంట్లో కూర్చుని చేసే పని ఇంట్లోవాళ్ళకి పనిలా కనిపించదు. "ఖాళీగానే ఉందిగా" అని అమ్మ నా ముందే నా గురించి చెబుతుంది.

మార్చి 9, ఆదివారం

మొదటి పందెం.

ముందు నా పేరు సంగతి. ఆటలో ఖాతా తెరిచేటప్పుడు నా ఫోన్లో చార్జింగ్ లేక అమ్మది వాడాను. అది ఆ ఫోన్‌కి పెట్టుకున్న పేరే తీసేసుకుంది. సీజన్ అయిపోయేదాకా మార్చడానికి వీల్లేదట. అందుచేత ప్రపంచానికి నేను "అమ్మ ఫోన్".

కొత్తవాళ్ళ పందేలకి కూడా వ్యాఖ్యాత ఉంటాడని నాకు తెలియదు. ఆయన చాలా గంభీరమైన మనిషి. మొదటి మలుపులో అందరూ బ్రేకు వేశారు. నేను వెయ్యలేదు. ఎందుకు వేస్తున్నారో నాకు అర్థమయ్యేసరికి వాళ్ళ వెనక భాగాలన్నీ నా ముందు భాగంలో ఉన్నాయి. "అమ్మ ఫోన్ ఐదుగుర్ని వెంటబెట్టుకుని గడ్డిలోకి వెళ్ళింది" అని ఆయన సంతాప సభలో మాట్లాడినట్టు చెప్పాడు. కింద ఎవరో రాశారు: ఎవరి అమ్మ?

పందెం అయ్యాక కూడా చక్రం పట్టుకునే కూర్చున్నాను. నాకు అంత బాగా ఎప్పుడు అనిపించిందో గుర్తు చేసుకుందామని చూశాను. గుర్తు రాలేదు.

మార్చి 12, బుధవారం

అక్కా బావగారూ వచ్చారు. బావగారిది నీళ్ళ మోటార్ల కంపెనీ. ఆయనది కాదు, ఆయన అందులో మేనేజరు, కానీ మాట్లాడేటప్పుడు ఆయనదే. ఆయన భోజనాల గదిలోకి వచ్చి స్టీరింగు చూసి, దాని మీద రెండుసార్లు తట్టి, నా వంక చాలా ఆర్ద్రంగా చూశారు.

విషయం ఏమిటంటే వాళ్ళ దగ్గర ఫీల్డ్ ఆఫీసరు ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. కంపెనీ కారు ఇస్తారు. ఊరూరా తిరిగి షాపులవాళ్ళతో మాట్లాడాలి. ఆదివారాలు తప్పనిసరి, ఎందుకంటే షాపులవాళ్ళు తీరిగ్గా దొరికేది ఆ రోజే. లైసెన్సు ఉండాలి. ఇన్నాళ్ళూ నన్ను ఎలా అడగాలా అని సంకోచించారట. నేనే ఇంత ముందుచూపుతో ఉంటానని అనుకోలేదట.

ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు, ఆయన ఆ మాట అనగానే అమ్మ మంచిరోజు కోసం కాలెండర్ వెతికింది, అక్క డ్రైవింగ్ స్కూలుకి ఫోన్ చేసింది, నాన్న కారు రంగు అడిగారు. సోమవారం నుంచి క్లాసులు.

నేను నోరు మెదపలేదు. మా ఇంట్లో నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టు. నోరు విప్పితే మొండితనం. మూడోది లేదు.

మార్చి 15, శనివారం

ఒంటరిగా ఆడితే ఎవడో ఒకడు వచ్చి గుద్దిపోతాడు, అడిగే దిక్కుండదు. టీమ్ ఉంటే వేరు. ఆదివారాలు జరిగే లీగ్ ఒకటి ఉంది. ముగ్గురికి ఒక్క కారు, చాలాసేపు నడిచే పందెం, ఒకరి తర్వాత ఒకరు నడపాలి. నాకు టీమ్ కావాలని కాదు. ఎలా ఉంటాయో చూద్దామని చూస్తున్నాను.

మొదటి టీమ్ ఇంటర్వ్యూ పెట్టింది. అనుభవం ఎంత అన్నారు. లేదన్నాను. అనుభవం లేనివాళ్ళని తీసుకోమన్నారు. టీమ్‌లో చేరనిదే అనుభవం ఎలా వస్తుందని అడిగాను. అది నిజమేనని ఒప్పుకుని, తర్వాతి ప్రశ్నకి వెళ్ళారు. అయిదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారని. భోజనాల బల్ల దగ్గర అన్నాను. కబురు చేస్తామన్నారు. బీమా ఆఫీసులో కూడా ఇదే మాట అన్నారు గానీ, పాపం, వాళ్ళు నిజంగానే చేశారు.

రెండో టీమ్‌లో సభ్యులు బోలెడుమంది, నడిపేవాళ్ళు ఎవరూ లేరు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, క్రమశిక్షణ సంఘం. ఈ రోజు సమావేశంలో కారుకి ఏ నీలం వెయ్యాలనే చర్చ జరిగింది. ఆకాశ నీలం వర్గంవాళ్ళు మధ్యలో లేచిపోయారు. లేచిపోవడం అంటే వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళు బటన్ నొక్కారు. అయినా కుర్చీలు విసిరేసినట్టే అనిపించింది. నేనూ నొక్కేశాను.

టీమ్ లేకపోతే కొంపేం మునగదు.

మార్చి 17, సోమవారం

డ్రైవింగ్ మాస్టారు పక్క సీట్లో కూర్చుని పేపరు చదువుతారు. తలెత్తరు. కానీ ఆయన కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంది. ఎదురుగా సైకిలు కనబడగానే, నేను ఆలోచన మొదలుపెట్టేలోపే కారు ఆగుతుంది. నేను ఆపలేదు. ఆయన పేజీ తిప్పుతారు. కారు కదులుతుంది. ఈ కారులో నేను స్టీరింగు పట్టుకున్న ప్రయాణికురాలిని.

ఒక మలుపు వచ్చింది. ఆటలో అలవాటు కొద్దీ ముందు రోడ్డు బయటి అంచుకి వెళ్ళి, అక్కణ్ణించి లోపలి అంచుని రాసుకుంటూ కోసి, మళ్ళీ బయటి అంచు దాకా వదిలేశాను. పందెంలో అందరూ అలాగే తిప్పుతారు, వేగం తగ్గకుండా ఉండాలని. మాస్టారు మొదటిసారి పేపరు మడిచారు.

"అమ్మాయ్, రోడ్డంతా మీ నాన్నగారిది కాదు."

ఎక్కడ నేర్చుకున్నావని అడిగారు. భోజనాల బల్ల దగ్గర అని చెప్పాను. ఈ వారంలో ఈ జవాబు రెండోసారి.

మార్చి 20, గురువారం

లీగ్ పేజీలో ఒక ప్రకటన: "ఒక మనిషి కావాలి." అంతే. మిగతా టీములవాళ్ళు నిప్పుల బొమ్మలూ పులి తలకాయలూ పెట్టారు. వీళ్ళు ఫుల్‌స్టాప్ పెట్టారు.

ఇద్దరే ఉన్నారు. ఒకాయన పళ్ళ డాక్టరు. క్లినిక్ వెనక గదిలోంచి, పేషంట్ల మధ్య ఖాళీల్లో నడుపుతాడు. రెండో ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఎక్కడైనా ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుంటే మధ్యలో లేచి వెళ్ళిపోతాడు. వీళ్ళ మూడో మనిషి మానేసి నీలం రంగు టీమ్‌లో కోశాధికారిగా చేరాడట. ఇప్పటిదాకా వీళ్ళ అత్యుత్తమ స్థానం పంతొమ్మిది. ఆ రోజు వచ్చినవే పంతొమ్మిది కార్లు.

నన్ను కాసేపు నడిపి చూపించమన్నారు. హెడ్‌ఫోన్లో డాక్టరు, "కొంచెం నొప్పి ఉంటుంది, భయపడకండి" అన్నాడు. నాతోనో పేషంటుతోనో తెలియక ఇద్దరం భయపడ్డాం. అంతలో మెకానిక్ ఆయాసపడుతూ వచ్చి, ఇప్పుడే ఒక పెద్దావిణ్ణి, ఆవిడ కుక్కని, ఆవిడతో పోట్లాటలో ఉన్న పక్కింటావిణ్ణి ఒకే లిఫ్టులోంచి దించి వచ్చానని చెప్పాడు. లోపల ఉన్నంతసేపట్లో దాదాపు రాజీకి వచ్చారట. దింపడంలో తొందరపడ్డానేమో అని బాధపడుతున్నాడు.

నడపడం అయ్యాక అనుభవం గురించి అడగలేదు. అయిదేళ్ళ గురించి అడగలేదు. డాక్టరు ఒకటే అడిగాడు.

"ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఉంటారా?"

"ఉంటాను."

"ప్రతి ఆదివారం?"

"ప్రతి ఆదివారం."

"చాలండి, అమ్మఫోన్ గారూ."

లీగ్ నియమం కూడా ఆయనే చెప్పాడు. ముగ్గురూ తలా కాసేపు నడిపితేనే ఫలితం చెల్లుతుంది. ఒకరు రాకపోతే ఆ రోజుది రద్దు. మళ్ళీ అలాగే జరిగితే ఆ సీజనుకి టీమ్‌నే తీసేస్తారు. మెకానిక్ మొదటి పందెం నుంచీ వీళ్ళది ఒక్క ఫలితమూ చెల్లలేదట, ఆ పంతొమ్మిదో స్థానంతో సహా, ఎప్పుడూ ఎవరో ఒకరు తక్కువ.

ప్రతి ఆదివారం అని నేను అన్నప్పుడు బావగారి షాపులవాళ్ళు గుర్తొచ్చారు. గుర్తొచ్చినట్టు రాసుకోవడం ఎందుకు.

మార్చి 21

నాకు టీమ్ దొరికింది. ఎవరికీ చెప్పను.

అమ్మకి చెప్పాను. పెళ్ళయినవాళ్ళేనా అని అడిగింది.

మార్చి 23, ఆదివారం

ఈ వారం డ్రైవింగ్ మాస్టారు నన్ను మెచ్చుకున్నారు. అద్దం చూస్తున్నానట, ఎదుటివాళ్ళకి దారిస్తున్నానట, మనిషినయ్యానట.

మధ్యాహ్నం లీగ్ వాళ్ళ ట్రయల్ పందెం. లెక్కలోకి రాదు గానీ, అన్ని నియమాలతోనూ జరుగుతుంది. డాక్టరు నడిపి నాకిచ్చాడు. నా తర్వాత మెకానిక్. ఆయన తన పిలుపులన్నీ ఇవాళ్టికి తోటి మెకానిక్‌కి అప్పగించి వచ్చాడు. ఉద్యోగంలో చేరాక మొదటిసారట. వాళ్ళావిడ కూడా వెనక కుర్చీ వేసుకుని కూర్చుందని చెప్పాడు.

నేను బాగా నడిపాను. నిజంగానే. ఇద్దర్ని దాటాను. "అమ్మ ఫోన్ పదకొండో స్థానంలో ఉంది, మిత్రులారా, అమ్మ ఫోన్!" అని వ్యాఖ్యాత గొంతు జీరపోయింది. అంత గంభీరమైన మనిషి.

తర్వాత ఒక మలుపులో వెనకవాడు లైట్లు మెరిపించాడు. పక్కకి జరిగి దారిచ్చాను. ఎందుకిచ్చారని డాక్టరు అడిగాడు. తొందరలో ఉన్నట్టున్నాడని చెప్పాను. అందరం తొందరలోనే ఉన్నామండీ, ఇది పందెం, అన్నాడు ఎంతో ఓపిగ్గా.

ఆ తర్వాత ఆ పెద్ద మలుపు, వెనక్కి తిరిగి వచ్చినంత మలుపు. వేగంగా వస్తున్నాను. కాలు బ్రేకు పైన ఉంది. నొక్కలేదు. కారు ఆగుతుందని ఎదురుచూస్తున్నాను. ఎందుకు ఆగడం లేదో అర్థం కాలేదు. పక్కకి చూశాను. పక్కన మాస్టారు లేరు. మధ్యాహ్నం నాన్న తిని వదిలేసిన కంచం ఉంది.

గోడ. కారు ఇక కదల్లేదు. మెకానిక్‌కి వంతు రాలేదు కాబట్టి ఫలితం రద్దు.

ఏం జరిగిందని అడిగారు. బ్రేకు ఇంకొకరు వేస్తారనుకున్నాను అని చెప్పాను. క్లినిక్ ముందు గదిలో పేషంటు పుక్కిలించడం వినబడింది. చివరికి మెకానిక్, "పర్లేదండీ" అన్నాడు. వాళ్ళావిడ కుర్చీ మడిచి తీసుకెళుతున్న చప్పుడు.

తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 24

నాకేం బాధగా లేదు.

మార్చి 25

నాకేం బాధగా లేదు. ఆ మలుపులో మిగతావాళ్ళు బ్రేకు ఎక్కడ వేస్తారో చూద్దామని పాత పందేలు చూశాను. బాధపడి కాదు, కుతూహలం కొద్దీ. జవాబు పత్రాలు రేపటికి పెట్టుకున్నాను. ఇప్పుడు చూసుకుంటే, ఒక పిల్లాడి భూగోళం పేపర్లో తప్పుకి ఎర్ర గీత గీసి, పక్కన "ఇక్కడ ఇంకా ఆలస్యంగా" అని రాశాను.

మార్చి 27, గురువారం

డాక్టరు ఫోన్ చేశాడు. ఇద్దరూ మాట్లాడుకున్నారట. ఏప్రిల్ 6న మొదటి అసలు పందెం. ఆ రోజు చూస్తారట. మళ్ళీ అలా జరిగితే ఇంకొకర్ని వెతుక్కోక తప్పదు, మెకానిక్ మొహం తను చూడలేకపోతున్నాడు, అన్నాడు. మొహం ఎలా చూశారని అడిగాను. మొన్న పన్ను పీకించుకోవడానికి వచ్చాడట.

సరే అన్నాను. తీసేస్తే తీసేస్తారు, మహా అయితే ఏమవుతుంది. ఈ వాక్యం నాలుగుసార్లు రాసి కొట్టేశాను, ఇది అయిదోది, ఉంచేస్తున్నాను.

సాయంత్రం బావగారు ఫోన్ చేశారు. వాళ్ళ యజమాని నన్ను చూడటానికి స్వయంగా ఇంటికే వస్తారట. ఏప్రిల్ 6, మధ్యాహ్నం మూడింటికి. షాపులవాళ్ళలాగే యజమానులు కూడా ఆదివారమే తీరిగ్గా దొరుకుతారు కాబోలు.

ఏప్రిల్ 3, గురువారం

లైసెన్సు పరీక్ష. చలికాలంలో నాన్న పట్టుబట్టి తీయించిన లెర్నర్స్ లైసెన్సుకి ఇంకా గడువుంది. ఎనిమిది ఆకారంలో తిప్పమన్నారు. మాస్టారు దిగిపోయారు. పక్కన ఇన్‌స్పెక్టరు, ఆయన కాలి కింద ఏమీ లేదు. ఆ సంగతి మాస్టారు ముందే చెప్పారు. నేను ఎనిమిదిని చూశాను. రెండు చక్కటి మలుపులు. అంతకన్నా ఏం ఆలోచించలేదు.

కారు ఆగాక ఇన్‌స్పెక్టరు కాసేపు తలుపు పిడి వదల్లేదు. తర్వాత, "ఎవరు తరుముతున్నారమ్మా?" అన్నాడు. కానీ ఒక్క గుర్తుకీ తగల్లేదు కాబట్టి ఫెయిల్ చెయ్యడానికి కాగితంలో గడి లేదు.

పాసయ్యాను. అమ్మ అందరికీ ఫోన్లు చేసింది. అమ్మ ఫోన్‌కి లైసెన్సు వచ్చిందని టీమ్‌లో కూడా చెప్పాను. డాక్టరు అభినందనలు చెప్పి, "మాకు మాత్రం ఆ డ్రైవింగ్ వద్దండీ" అన్నాడు.

ఏప్రిల్ 6, ఆదివారం

అంతా వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

పొద్దున్నే అమ్మకి చెప్పాను, మూడింటికి నాకు పందెం ఉందని. వాళ్ళు వచ్చి వెళ్ళాక ఆడుకోమంది. అది నేను పెట్టిన టైము కాదన్నాను. వాళ్ళు వచ్చే టైము కూడా తను పెట్టింది కాదంది. ఇద్దరం నిజమే చెప్పాం. మూడింటికి ముందే వెళ్ళి నాన్న కుర్చీలో కూర్చున్నాను.

ఇంటికి వచ్చిన పెద్దమనుషుల్ని మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గరే కూర్చోబెడతాం, సోఫా మీద అమ్మ బట్టలు ఆరేస్తుంది కాబట్టి. అంచేత నా వంతు వచ్చేసరికి బల్ల చుట్టూ బావగారు, అక్క, అమ్మ, నాన్న, ఎదురుగా యజమాని. పెద్దాయన, మందపాటి కళ్ళజోడు, ఒక చెంప కాస్త వాచి ఉంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని మాట్లాడటం మర్యాద కాదని నాన్న తీగ పీకేశారు. మా టీమ్ గొంతులు స్పీకర్లోంచి గది నిండా వచ్చాయి. చక్రం కుదిపినప్పుడల్లా టీ కప్పులు సాసర్లలో టకటకలాడాయి. యజమాని తన కప్పుని చేత్తో పట్టుకుని మొదలుపెట్టారు.

చదువు అడిగారు. చెప్పాను. ఒకణ్ణి దాటాను. పాత ఉద్యోగం ఎందుకు మానేశావన్నారు. చెల్లింపు గడువు అయిపోయిందని జనాన్ని భయపెట్టడమే అక్కడ నా పని అని చెప్పాను. తలూపారు. బావగారు నా కుర్చీ వెనక నిలబడి దగ్గుతున్నారు. ఆ దగ్గుకి అర్థం, అది ఆపి ఆయన మొహం చూసి మాట్లాడు అని. మొహం చూస్తే గోడ.

"మీ బలహీనత ఏమిటి?" అన్నారు యజమాని.

"బ్రేకు ఆలస్యం" అన్నాడు స్పీకర్లోంచి డాక్టరు.

"ఒక్కోసారి అసలు వెయ్యరు" అన్నాడు మెకానిక్.

యజమాని ఆ రెండూ కాగితం మీద రాసుకున్నారు. ఎవరు వీళ్ళు అన్నారు. నాతో కలిసి పనిచేసే మనుషులు అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. ఒకాయన పళ్ళ డాక్టరు అని నాన్న వివరం జోడించారు. దాంతో యజమాని స్పీకరు వైపు జరిగి, వారం నుంచి దవడ సలుపుతోందని చెప్పడం మొదలుపెట్టారు. డాక్టరు, ఏ పక్క అని అడిగాడు. "ఎడమ" అన్నారు యజమాని. నేను ఎడమకి తిప్పేశాను. అక్కడ ఖాళీ ఉంది. ఇద్దరు వెనక్కి పోయారు. గదిలో ఎవరికీ తెలియదు, వ్యాఖ్యాతకి తప్ప.

అప్పుడు ఆ పెద్ద మలుపు వచ్చింది.

బావగారు వెనక నుంచి, "బ్రేకు, బ్రేకు" అని కాలితో నేలని తన్నారు. ఆయన తన్నగానే బల్ల కింద అందరి కాళ్ళూ నేలని నొక్కాయి. అమ్మ చెప్పులు, నాన్న చెప్పులు, అక్కవి, యజమాని బూట్లు కూడా. నాకు స్పష్టంగా వినబడింది. అందరూ నా కోసం బ్రేకు వేశారు. నేను వేసుంటే వెనకవాడు వచ్చి గుద్దేవాడు. అది వాళ్ళకి తెలియదు, నాకు తెలుసు. వెయ్యలేదు. అమ్మ కళ్ళు మూసుకుంది. ఇంకొంచెం. ఇంకొంచెం. అప్పుడు నొక్కాను, నా కాలితో, నేను అనుకున్న చోట. కారు ముక్కు మలుపు లోపలి అంచుని తాకీ తాకకుండా తిరిగింది. కప్పులు ఒక్కసారి ఎగిరి ఊరుకున్నాయి.

ఆ మలుపు మళ్ళీ మళ్ళీ వచ్చింది. ప్రతిసారీ వాళ్ళు ముందే నొక్కారు. ప్రతిసారీ నేను తర్వాతే.

కారుని మెకానిక్‌కి అప్పగించాను, ఒక్క గీత పడకుండా. ఆయన నడుపుతుంటే అందరం చూశాం. యజమాని కూడా. రెండో కప్పు టీ అడిగారు. మెకానిక్ ఎవర్నీ దాటలేదు, ఎవర్నీ దాటనివ్వలేదు, ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకి వెళ్ళినంత నిదానంగా కారుని గీత దాటించాడు. పద్నాలుగో స్థానం. ఫలితం చెల్లింది. స్పీకర్లో ముక్కు చీదుకున్న చప్పుడు. అది మెకానికా, వాళ్ళావిడా, పేషంటా తెలియదు. అమ్మ పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది, ఎందుకో తనకే తెలియనట్టుంది.

డాక్టరు, "వచ్చే ఆదివారం మూడింటికి" అన్నాడు. అంతే.

యజమాని లేచారు. ఇంతమంది వెనక నుంచి అరుస్తున్నా తన పని తను చేసుకునే మనిషి తమకి కావాలన్నారు. రేపే చేరమన్నారు. కారు తెల్లదట. నాన్న తెలుపు ఆమోదించారు. బావగారు నా భుజం తట్టి, వచ్చే ఆదివారమే మొదటి క్యాంపు, మంచి షాపు, పెద్ద షాపు, అన్నారు. అక్క నన్ను కౌగిలించుకుంది. అందరూ ఎంత సంతోషంగా ఉన్నారంటే, ఆ సంతోషంలో నేను కూడా ఉన్నానని వాళ్ళు నిజంగానే అనుకున్నారు.

నోరు మెదపలేదు.

ఏప్రిల్ 7, సోమవారం

నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టు అని నేనే రాసుకున్నాను కదా. కాబట్టి పొద్దున తొమ్మిదింటికి బావగారికి ఫోన్ చేసి, చేరనని చెప్పాను.

కారణం అడిగారు. ఆదివారాలు ఖాళీ లేవన్నాను. ఆట కోసం ఉద్యోగం వదులుకుంటావా అన్నారు. ఉద్యోగం నాకు ఉంది, జవాబు పత్రాలు దిద్దుతాను, ఇంకో కంపెనీవి కూడా ఒప్పుకున్నాను అన్నాను. యజమానికి తను ఏమని చెప్పుకోవాలన్నారు. ఈ వారం ఆయనకి డాక్టరు అపాయింట్‌మెంట్ ఇచ్చాడు, ఏమీ అనుకోరని చెప్పాను. బావగారికి కోపం వచ్చింది. రావలసిందే.

అమ్మ మధ్యాహ్నం వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నిన్ను ఎవరైనా ఏమైనా అన్నారా? ఆ డాక్టరు గానీ, ఆ లిఫ్టు అతను గానీ, వెళ్ళొద్దన్నారా?"

"లేదమ్మా. వాళ్ళకి ఈ ఉద్యోగం సంగతే తెలియదు."

"మరి ఎవరు వద్దన్నారు?"

"నేనే."

ఆ జవాబు అమ్మకి సరిపోలేదు. ఇంకెవరో ఉండాలని వంటింట్లోకి వెళ్ళి కూడా ఆలోచిస్తోంది, గిన్నెల చప్పుడులో తెలుస్తోంది. సాయంత్రం అక్క ఫోన్ చేసి, బావగారికి ఒక్కసారి సారీ చెప్పెయ్యమంది, గొడవ సద్దుమణుగుతుందని. చెప్పనన్నాను. దేనికి చెప్పాలో తనకీ తెలియదు, అడిగితే ఆలోచించి చెబుతానంది.

నేను ఆ ఉద్యోగంలో చేరడం లేదు. ఈ సీజను మొత్తం టీమ్‌లో ఉంటాను. ఆదివారం మూడింటికి భోజనాల గదిలోకి ఎవరూ రాకూడదని ఇంట్లో చెప్పేశాను.